పద్దెనిమిది వందల రూపాయల డీవీడీ ప్లేయర్ మీద మాస్టారి ఫిర్యాదు: ఒక సర్వీసు కేసు

ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. కస్టమర్ చెప్పిన ఫిర్యాదులో కొంత సెట్టింగుల గొడవ, కొంత నిజమైన రోగం, రెండూ ఒకే పెట్టెలోంచి ఒకేసారి వస్తున్నాయి. అలాంటప్పుడు మొదటిది దొరకగానే ఇదే అనుకుని మూత బిగించేస్తే రెండోది లోపలే ఉండిపోతుంది, కొన్నాళ్లకు సెట్టు మళ్లీ బల్ల మీదకొస్తుంది, ఈసారి కస్టమర్ నమ్మకం కూడా పోయి వస్తుంది.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అక్కణ్నుంచి ఆంధ్రా. షాపుకొచ్చేవాళ్లలో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, గుణుపురం, కాశీనగర్ వైపు నుంచి రెండూ కలిపి మాట్లాడేవాళ్లు ఉంటారు. ఇప్పుడు పనంతా ఎల్ఈడీ టీవీ బోర్డులు, ఇన్వర్టర్లే. డిస్క్ ప్లేయర్ వచ్చిందంటే అది పెద్దవాళ్లదే.

ఇదీ అంతే. రిటైర్డ్ తెలుగు మాస్టారు, డెబ్బై దాటాయి. ఇంట్లో బీరువా నిండా సీడీలు: కచేరీలు, హరికథలు, పాత సినిమా పాటలు, కొన్ని జగన్నాథ భజనలు. పాత సీడీ ప్లేయర్ లెన్సు నీరసించి డిస్క్ చదవడానికి మొరాయిస్తుంటే కొడుకు ఓ డీవీడీ ప్లేయర్ తెప్పించి పెట్టాడు, పద్దెనిమిది వందలు. బ్రాండు పేరు అనవసరం, ఆ ధరలో దొరికేవన్నీ లోపల ఇంచుమించు ఒకటే. కొన్నప్పటి నుంచీ మాస్టారికి అది నచ్చలేదు, ఈమధ్య మరీ నచ్చడం లేదు. "ఏటి బాబూ ఇది, గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంది, సన్నాయి వస్తే చెవిలో గీరుతున్నాది" అన్నారు. విశాఖలో ఉండే అల్లుడు ఫోన్లోనే తీర్పు చెప్పేశాడట, వీడియో ప్లేయర్లో సంగీతం వినకూడదు మావయ్యా, నలభై వేలు పెడితే మంచి సీడీ ప్లేయర్ వస్తుంది, కొనేద్దాం అని. నలభై వేలంటే మాస్టారికి చిన్న మాట కాదు. కొనాలా వద్దా చెప్పమన్నారు. అంటే నన్ను అడిగింది రిపేరు కాదు, తీర్పు.

ఆ ఫిర్యాదులోని రెండు ముక్కల్నీ విడివిడిగా రాసుకున్నాను. డబ్బాలోంచి రావడం ఒకటి, గీరడం ఇంకొకటి. జనం చెప్పే మాటలు టెక్నికల్‌గా ఉండవు గానీ చాలాసార్లు కచ్చితంగా ఉంటాయి, విని "సరే సరే, చూస్తాను" అనేసి సెట్టు లోపల పెట్టేసుకునే మెకానిక్కులకి సగం పని అక్కడే చెడుతుంది. అన్ని డిస్కుల్లోనూ గీరుతోందా అని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, లేదు, పాత పాటల్లో గీరదు, ఈమధ్య కొన్న డిస్కుల్లో, సన్నాయిలో ఎక్కువ అన్నారు. ఈ జవాబు తర్వాత బాగా పనికొచ్చింది.

సౌండ్ ఫిర్యాదు వస్తే సెట్టుని షాపుకి తెమ్మనను, వీలైతే నేనే ఇంటికెళ్తాను. షాపులో వేరే ఆంప్లిఫయర్, వేరే స్పీకర్లు, రోడ్డు మీద ఆటోల గోల, ఏం వినపడుతుంది? మాస్టారి ఇంట్లో పాత స్టీరియో ఆంప్లిఫయర్, రెండు మధ్యరకం స్పీకర్లు ఉన్నాయి. డీవీడీ ప్లేయర్ ఆ ఆంప్లిఫయర్ నెత్తిన ఉంది, దాని మీద అమ్మగారు అల్లిన క్రోషియా గుడ్డ. ఏవీ కార్డు టీవీకి వెళ్తోంది, టీవీకి డిష్ కేబుల్. స్పీకర్లు గోడ గూట్లో, దేవుడి పటాల పక్కన.

ముందు రిమోట్ అడిగాను. ఈ చౌక ప్లేయర్లలో మెనూ ఒక పెద్ద అడవి, పిల్లలు ఎక్కడో ఏదో నొక్కుతారు, అది మెమరీలో ఉండిపోతుంది. టీవీ ఆన్ చేసి చూస్తే ఆడియో సెటప్‌లో డౌన్‌మిక్స్ అన్నచోట స్టీరియో బదులు వర్చువల్ సరౌండ్ ఉంది. ఈక్వలైజర్ రాక్ మీద ఉంది. ముందు మైకు సాకెట్ ఉన్న మోడల్ కాబట్టి కరోకే ఎకో కూడా ఆన్‌లోనే ఉంది. రిమోట్ వాల్యూమ్ సగానికి కాస్త పైన. తొమ్మిదో క్లాసు మనవడు నేల చూపులు చూస్తున్నాడు, నేనేం అనలేదు.

డబ్బా సంగతి ఇక్కడే తేలిపోయింది. మాస్టారు ఎక్కువగా వినేది యాభైల నాటి, అరవైల నాటి పాటలు, అవి మోనో. మోనో అంటే రెండు చానళ్లలోనూ అక్షరాలా ఒకటే సిగ్నల్, కాబట్టి రెండు స్పీకర్లకీ సమదూరంలో కూర్చుంటే ఘంటసాల గొంతు సరిగ్గా నడిమధ్య నుంచి, ఒక మనిషి నిలబడి పాడుతున్న చోటు నుంచి రావాలి. వర్చువల్ సరౌండ్ ఆ సిగ్నల్లో కొంత భాగాన్ని ఆలస్యం చేసి, ఫేజ్ మార్చి, పక్కలకి తోస్తుంది. సినిమాలో కారు శబ్దానికి అది సరదాగా ఉంటుందేమో గానీ ఒంటి గొంతుకి ప్రాణం తీస్తుంది, గొంతు మధ్యలోంచి జారిపోయి గదంతా పలచగా పరుచుకుంటుంది. దాని మీద ఎకో, ఆ పైన బేస్, ట్రెబుల్ రెండూ లేపి మధ్యని వదిలేసే రాక్ సెట్టింగు. గొంతు ఉండేదే మధ్యలో. ఎవరైనా చౌక ప్లేయర్ సౌండ్ చూడమంటే నేను ముందుగా వేసేది పాత మోనో పాటే, ఖరీదైన టెస్ట్ డిస్కులేవీ దాని ముందు నిలబడవు, పైగా ఆ గొంతు ఎలా ఉండాలో తెలుగువాళ్లందరికీ తెలుసు.

అదే పనిలో స్పీకర్ వైర్లు కూడా చూశాను, ఒకటి తారుమారైనా మోనో గొంతు ఇలాగే చెదిరిపోతుంది, బేస్ కూడా సన్నబడుతుంది. అనుమానం ఉంటే వైర్లు విప్పి ఒకటిన్నర వోల్టు సెల్ క్షణం పాటు తాకించండి, ప్లస్‌కి ప్లస్ తగిలితే ఊఫర్ కోను ముందుకి కదలాలి. ఇక్కడ రెండూ సరిగ్గానే ఉన్నాయి.

సెట్టింగులన్నీ తీసేసి, రిమోట్ వాల్యూమ్ ఫుల్ చేశాను. ఫుల్ చెయ్యడం ముఖ్యం. ఆ వాల్యూమ్ డిజిటల్‌గా లెక్కల్లో తగ్గుతుంది, సిగ్నల్ చిన్నదవుతుంది గానీ దాని వెనకాల ఉన్న ఎనలాగ్ సర్క్యూట్ సొంత బుస తగ్గదు, అప్పుడు ఆంప్లిఫయర్ వాల్యూమ్ పెంచితే రెండూ కలిసి పెరుగుతాయి. ప్లేయర్ ఫుల్, తగ్గించడం పెంచడం ఆంప్లిఫయర్ దగ్గర. ఇంతే సూత్రం.

మాస్టారు విని "ఇప్పుడు మనిషి పాడినట్టుంది" అన్నారు. అక్కడితో ఆపితే అందరం సంతోషంగా ఉండేవాళ్లం. కానీ సన్నాయి గీరుడు సంగతి ఇంకా తేలలేదు, పైగా అల్లుడి ప్రశ్న అలాగే ఉంది: పాత సీడీ ప్లేయర్‌తో పోలిస్తే ఇది తక్కువా కాదా?

పోల్చాలంటే రెండూ పాడాలి. పాతదాని లెన్సు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే కాసేపు చదువుతోంది, వేడెక్కాక తడబడుతోంది, ఆ కాసేపూ చాలు. అసలు గొడవ పడాల్సింది సౌండ్ ఎత్తు దగ్గర. ఒకే పాటని రెండుసార్లు వినిపించి రెండోసారి ఒక్క డెసిబెల్ పెంచితే, పెరిగింది అని ఎవరూ అనరు, "బాగుంది, క్లియర్‌గా ఉంది" అంటారు. మన చెవి చేసే మోసం ఇది, షోరూముల్లో అమ్మేవాళ్లకి బాగా తెలుసు. అందుకని నా దగ్గర ఒక సొంత టెస్ట్ సీడీ ఉంది, కంప్యూటర్లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌తో తయారు చేసి సీడీ-ఆర్ మీద ఆడియో సీడీగా రాసుకున్నది: 400 హెర్ట్జ్ టోను మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఒకటి, సున్నా డెసిబెల్స్ దగ్గర (డిస్కులో పట్టే గరిష్ఠ ఎత్తు ఇదే, ఫుల్ స్కేల్ అంటాం) ఒకటి, ఎడమ ఒక్కటే, కుడి ఒక్కటే. 400 ఎందుకంటే మామూలు మల్టీమీటర్ల ఏసీ రేంజి ఆ దరిదాపుల వరకే నిజం చెబుతుంది, వెయ్యి హెర్ట్జ్ పెడితే కొన్ని మీటర్లు తప్పు చూపిస్తాయి. ఖరీదైన పరికరాలు లేనివాడు తన మీటర్ దేనికి పనికొస్తుందో తెలుసుకుని వాడితే చాలా పని జరుగుతుంది.

మైనస్ 12 టోను దగ్గర పాత ప్లేయర్ ఔట్‌పుట్ 0.50 వోల్టులు. ఫుల్ స్కేల్లో దానికి నాలుగింతలు, అంటే 2 వోల్టులు, సీడీ ప్లేయర్లకి మామూలుగా ఉండే లెక్క. కొత్తది మాస్టారు వింటున్న వాల్యూమ్ దగ్గర 0.27, అంటే ఐదు డెసిబెల్స్ పైగా తక్కువ. రిమోట్ ఫుల్ చేశాక 0.47, తేడా అర డెసిబెల్‌కి వచ్చింది. ఎడమ కుడి దాదాపు సమానం. ఆ మిగిలిన అర డెసిబెల్ కూడా వదలకూడదని పాత ప్లేయర్ లైన్లో చిన్న ప్రీసెట్లు (తిప్పి సరిచేసుకునే రెసిస్టర్లు) పెట్టి రెండింటినీ కలిపేశాను. ఇన్నాళ్లూ ఆంప్లిఫయర్ మీటని ఒకే గీత దగ్గర ఉంచి రెండు ప్లేయర్లనీ పోల్చుకుంటూ వచ్చారు కాబట్టి ఐదు డెసిబెల్స్ తక్కువున్నది ఓడిపోవడంలో వింత లేదు.

తర్వాత పరీక్ష. ఒకే డిస్క్ రెండు చోట్ల పాడాలి కాబట్టి మనవడి ల్యాప్‌టాప్‌లో కాపీలు తీయించాను, అసలు డిస్క్ పాతదాంట్లో, కాపీ కొత్తదాంట్లో. ఎందుకంటే సీడీ-ఆర్ ముఖం అచ్చు సీడీ అంత వెలుతురు తిప్పికొట్టదు, నీరసపడ్డ లెన్సు దాన్ని ముందే వదిలేస్తుంది. ఫోన్లో అల్లుడు కాపీ అంటే క్వాలిటీ తగ్గదా అన్నాడు. క్యాసెట్టుకైతే తగ్గుతుంది. ఇది అంకెల కాపీ, తప్పుల్లేకుండా చదివి రాస్తే అదే అంకె అక్కడా ఉంటుంది. ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో తేల్చుకున్న ఆడియో సీడీ ప్రమాణం ప్రకారం సెకనుకి 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానళ్లు. 1982లో వచ్చిన మొట్టమొదటి ప్లేయరైనా నిన్న కొన్న పద్దెనిమిది వందల పెట్టె అయినా డిస్క్ మీంచి తియ్యాల్సింది ఈ అంకెలే. సన్న గీతలు పడినా సరిదిద్దుకునే ఏర్పాటు డిస్కులోనే ఉంది. తేడా వస్తే ఆ అంకెలు కరెంటుగా మారిన చోట, ఆ తర్వాత రావాలి. అల్లుడు "చూద్దాం" అన్నాడు, అది న్యాయమే.

మాస్టారిని కుర్చీలో అటువైపు తిప్పి కూర్చోబెట్టాం. మనవడు సెలెక్టర్ తిప్పుతాడు, ఏది ఎప్పుడు పెట్టాడో నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. నేను వరండాలోకి వెళ్లిపోయాను, నా ముఖం చూసి ఆయనకి జవాబు తెలిసిపోకూడదుగా. ఆయనకు పని ఒక్కటే, ఇది పాతదా కొత్తదా చెప్పడం. డెబ్బై దాటిన చెవికి పదివేల హెర్ట్జ్ పైన పెద్దగా వినపడకపోవచ్చు. ఫరవాలేదు, గొంతు, ఫిడేలు, సన్నాయి తాలూకు అసలు సరుకంతా అంతకు కిందే ఉంటుంది, ఆ ప్రాంతంలో ఆయన చెవి నా చెవి కన్నా ఎన్నో ఏళ్లు ఎక్కువ చదువుకుంది.

పాత పాటల్లో ఆయన జవాబులు కొన్ని తప్పు, కొన్ని ఒప్పు, అంటే ఊహిస్తున్నారు. హరికథ డిస్కులోనూ అంతే. సన్నాయి డిస్క్ పెట్టగానే లెక్క మారిపోయింది, ప్రతిసారీ కరెక్టుగా "ఇదే గీరుతున్నది" అని కొత్తదాన్ని పట్టుకున్నారు. కొత్తగా రీమాస్టర్ చేసిన, అంటే పాత రికార్డింగునే మళ్లీ సరిచేసి వదిలిన పాటల డిస్కులోనూ పట్టుకున్నారు.

మనవడి నోట్‌బుక్ చూశాక నాకు హుషారొచ్చింది. ప్లేయర్ పుట్టుకతోనే నాసిరకమైతే అన్ని డిస్కుల్లోనూ దొరకాలి. కొన్నింట్లోనే దొరికిందంటే ఆ డిస్కుల్లో ఉన్నదేదో మిగతావాటిలో లేదు. అది ఎత్తు. పాత రికార్డింగులని సీడీకెక్కించినప్పుడు చాలామటుకు పైన కాస్త జాగా వదిలేసేవాళ్లు, సిగ్నల్ ఫుల్ స్కేల్ దాకా అరుదుగా వెళ్తుంది. తర్వాత వచ్చిన రీమాస్టర్లలో పాటని మొదటి నుంచీ చివరి దాకా పైకప్పుకి తాకేటట్టు లేపేస్తున్నారు. ఆ సన్నాయి డిస్కులోనూ దగ్గరగా పెట్టిన మైకులో గట్టిగా ఊది, రికార్డింగ్‌ని నిండుగా పెట్టారు. అంటే ఈ ప్లేయర్ చిన్న సిగ్నల్ని శుభ్రంగా పాడుతోంది, పెద్ద సిగ్నల్ దగ్గర చెడగొడుతోంది. తక్కువ ధర ప్లేయర్‌ని మెల్లటి పాటలతో మాత్రమే పరీక్షించి ఫస్ట్‌క్లాస్ అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లకి ఈ రోగం ఎప్పటికీ కనపడదు.

సున్నా డెసిబెల్ టోను వేశాను. మైనస్ 12 దగ్గర 0.47 వచ్చింది కాబట్టి ఇక్కడ 1.88 దాకా రావాలి. 1.77 దగ్గర ఆగింది. మీటర్ కూడా అక్కర్లేదు నిజానికి, 400 హెర్ట్జ్ టోను నున్నగా కూత పెట్టాలి, ఇది గరగరమంటోంది, వంటింట్లోంచి అమ్మగారు కూడా "అదేటా సౌండు" అని వచ్చారు. అదే టోను పాత ప్లేయర్లో నున్నగా ఉంది, కాబట్టి ఆంప్లిఫయర్ మీద, స్పీకర్ల మీద అనుమానం పోయింది. సెట్టు సంచిలో వేసుకుని షాపుకొచ్చేశాను.

ఈ ప్లేయర్ల లోపల చూసినవాళ్లకి తెలుసు, పెట్టెలో ముప్పాతిక భాగం ఖాళీ. ఒక పక్క చిన్న పవర్ సప్లయ్ బోర్డు, మధ్యలో ప్లాస్టిక్ లోడర్, వెనకాల అరచేతి అంత మెయిన్ బోర్డు. ఒకటే పెద్ద ఐసీ, దాదాపు పనంతా అదే చేస్తుంది. అంకెల్ని ఎనలాగ్‌గా మార్చాక సిగ్నల్ ఒక చిన్న ఎనిమిది కాళ్ల 4558 ఆంప్లిఫయర్ ఐసీ గుండా వెళ్తుంది, ఆ తర్వాత రెండు మ్యూట్ ట్రాన్సిస్టర్లు, అక్కణ్నుంచి వెనకాల పిన్నులకి. 4558 అంటే అందరూ ముఖం చిట్లిస్తారు, చౌక ఐసీ అని. అది చౌకే. కానీ దానికి కావలసిన కరెంటు దానికిస్తే లైన్ లెవెల్ సిగ్నల్ని శుభ్రంగా పంపిస్తుంది, దశాబ్దాలుగా ఎన్నో మంచి సెట్లలో పంపించింది కూడా.

దానికి కావలసింది ప్లస్ 12, మైనస్ 12. కొలిస్తే ప్లస్ 12 సరిగ్గా ఉంది, మైనస్ 12 ఉండాల్సిన చోట మైనస్ 4.

ఇక గీరుడికి వేరే వివరణ అక్కర్లేదు. ఫుల్ స్కేల్ టోను శిఖరం రెండు పక్కలా 2.6 వోల్టులు దాటుతుంది. ఈ ఐసీ ఔట్‌పుట్ సప్లయ్ అంచు దాకా వెళ్లలేదు, వోల్టున్నర, రెండు వోల్టుల ఇవతలే ఆగిపోతుంది. మైనస్ 4 సప్లయ్ మీద కింది వైపు రెండు, రెండున్నర వోల్టులకే గోడ తగులుతుంది, అలలో కింది సగం శిరస్సు తెగిపోతుంది. పై సగం బాగానే ఉంటుంది. పాత పాటలు ఆ గోడ దాకా వెళ్లవు, సన్నాయి వెళ్తుంది.

సప్లయ్ ఎందుకు పడిపోయిందంటే ఆ లైన్లో ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయింది. బయటికి ఉబ్బలేదు, చూడ్డానికి కొత్తదిలా ఉంది; పక్కన మంచిది ఒకటి తాత్కాలికంగా తాకించి చూస్తే సప్లయ్ వెంటనే లేచింది, అదే రుజువు. ఎండిపోవడానికి కారణం ఇంటి దగ్గరే కనపడింది. కింద వేడెక్కే ఆంప్లిఫయర్, పైన క్రోషియా గుడ్డ, గాలి తిరిగే కంతలు రెండు వైపులా మూసుకుపోయాయి, వచ్చిన కండెన్సర్లేమో 85 డిగ్రీల రకం. 105 డిగ్రీల రకం వేశాను, ఆ ఒక్కటే కాదు, సప్లయ్ బోర్డు సెకండరీ (తక్కువ వోల్టుల) వైపున్న ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లన్నీ, మ్యూట్ ట్రాన్సిస్టర్ల ముందున్న కప్లింగ్ కండెన్సర్లు కూడా. అవి ఎండిపోతే బేస్ సన్నబడుతుంది, ఎలాగూ మూత తీశాం. సామానంతా కలిపి వంద రూపాయల లోపే. ఇంట్లో చేసుకునేవాళ్లకి ఒక మాట: ప్లగ్ తీసేశాక కూడా ప్రైమరీ (మెయిన్స్ కరెంటు వచ్చే) వైపు పెద్ద కండెన్సర్లో మూడొందల వోల్టులు నిలిచి ఉండొచ్చు, దాన్ని డిశ్చార్జ్ చెయ్యకుండా బోర్డు ముట్టుకోవద్దు.

మైనస్ లైను 11.8కి వచ్చింది. సున్నా టోను 1.88, నున్నగా.

మళ్లీ మాస్టారి ఇంటికి. ప్లేయర్‌ని ఆంప్లిఫయర్ మీంచి దించి పక్క అరలో పెట్టించాను, గుడ్డ తీసేశారు, అమ్మగారికి కాస్త కోపం వచ్చింది. కండెన్సర్ మారింది కాబట్టి లెవెల్ మళ్లీ కొలిచి, మళ్లీ అదే పరీక్ష, అదే కుర్చీ, అదే నోట్‌బుక్. ఈసారి సన్నాయి దగ్గర కూడా ఆయన తడబడ్డారు. ఒకచోట "ఇది పాతదే, నాకు తెలీదా" అని చెయ్యి ఊపి మరీ చెప్పారు, అది కొత్తది. రీమాస్టర్ డిస్కులోనూ ఊహలే. ఒక గీతలు పడ్డ హరికథ డిస్క్ ఉంది, దాంట్లో మాత్రం తేడా టక్కున తెలిసింది, పాతది ఎగిరి ఎగిరి పాడింది, కొత్తది నిలకడగా చదివేసింది.

ఈ ఇంట్లో, ఈ స్పీకర్ల మీద, ఈ చెవికి కొత్త ప్లేయర్ గొంతు విషయంలో తక్కువ కాదు. నలభై వేలు అక్కర్లేదు. తీర్పు ఇదే, రాసిచ్చాను. అయితే అల్లుడు చెప్పింది పూర్తిగా కొట్టిపారెయ్యను. ఆ డబ్బుకి వచ్చేవి వేరే ఉన్నాయి: గట్టి మెకానిజం, టీవీ వెయ్యకుండా ట్రాక్ నంబర్ చూపించే డిస్‌ప్లే, ఎన్నాళ్లయినా దొరికే సర్వీసు. ఈ ప్లాస్టిక్ లోడర్ తిరిగే చప్పుడు నిశ్శబ్దంగా ఆలాపన జరుగుతున్నప్పుడు గదిలో వినపడుతుంది, అది సిగ్నల్లో లేదు, పెట్టెలోంచి గాల్లోకి వస్తోంది, దూరంగా పెట్టడం తప్ప దానికి మందు లేదు. లోపలి డీఏసీ (అంకెల్ని ఎనలాగ్‌గా మార్చే భాగం) మీదే అనుమానమైతే వెనకాల నారింజ రంగు కోయాక్సియల్ సాకెట్ ఉంది, దానికి బయటి డీఏసీ తగిలించుకోవచ్చు, మొత్తం ప్లేయర్ మార్చనక్కర్లేదు. మెనూలో డిజిటల్ ఔట్‌పుట్‌ని పీసీఎం (కుదించని మామూలు అంకెలు) మీద పెట్టాలి, అంతే.

నిజానికి ఆ ఇంట్లో వినికిడికి ఎక్కువ తేడా తెచ్చింది ప్లేయర్ కాదు, స్పీకర్లు. గూట్లోంచి తీసి ముందుకి, గోడకి కాస్త ఎడంగా, చెవి ఎత్తులో స్టూళ్ల మీద పెడితే మృదంగం తొప్పి గుమగుమలాడటం మానేసి దెబ్బ దెబ్బగా విడివిడిగా వినపడింది. రూపాయి ఖర్చు లేదు. ప్లేయర్ ముట్టుకుంటే వేళ్లకి జివ్వుమనడం, టీవీ కలిపితే సన్నగా హమ్ రావడం కూడా అమ్మగారు చెప్పారు. ఆ జివ్వు రెండు పిన్నుల ప్లగ్ ఉన్న ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లయ్) సెట్లకి మామూలే, ఫిల్టర్ కండెన్సర్ గుండా వచ్చే చిన్న లీకేజీ, ఆంప్లిఫయర్‌కి సరైన ఎర్త్ ఇప్పించాం. హమ్ డిష్ కేబుల్ దారిలో వస్తోంది, పాటలు వినేటప్పుడు టీవీకెళ్లే కార్డు పీకెయ్యమన్నాను.

వీధుల్లో అమ్మే ఎంపీత్రీ డిస్కులు కూడా ఆయన దగ్గర కొన్ని ఉన్నాయి. వాటిని పరీక్షలో ముట్టుకోలేదు. ఒక్క సీడీలో మూడొందల పాటలు కుక్కారంటే, పాట నాలుగు నిమిషాలనుకుంటే, సెకనుకి 80 కిలోబిట్లు దక్కుతాయి. అసలు ఆడియో సీడీకి 1411. ఆ డిస్కు వేసి ప్లేయర్ బాగోలేదనడం ప్లేయర్‌కి అన్యాయం.

ఒక్క ఫిర్యాదు మాత్రం తీర్చలేకపోయాను. కొన్ని కచేరీ డిస్కుల్లో రాగం ఒక ట్రాకు, తానం ఇంకో ట్రాకు, పల్లవి మరొకటి, కానీ మధ్యలో సంగీతం ఆగదు, చప్పట్లు, తంబుర శ్రుతి అలాగే సాగిపోతుంటాయి. పాత ప్లేయర్ ట్రాకు మారినట్టే తెలియనివ్వదు. ఈ డీవీడీ ప్లేయర్ ప్రతి ట్రాకు చివరా నోరు మూసుకుని, కొంచెం ఆగి, మళ్లీ మొదలెడుతుంది, తంబుర శ్రుతి టప్పున తెగిపోతుంది. ఇది సాఫ్ట్‌వేర్ రాసిన తీరు, కండెన్సర్ మారిస్తే పోదు, మెనూలో ఆప్షనూ లేదు. "ఇదొక్కటీ నాకు పడదు బాబూ" అన్నారు మాస్టారు. అందుకని ఆ డిస్కులు పాతదాంట్లోనే వింటానంటున్నారు. దానికి సరిపోయే లెన్సు బరంపురంలో అడిగాను, లేదన్నారు, విశాఖలో అడగమని అల్లుడికి మోడల్ నంబర్ పంపించాం.